మామగారి కారు, మామూలు పెట్రోల్

ఉప్పల్ దగ్గర ఉండే ఒకాయన రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు కాబట్టి రాయట్లేదు. పెద్ద ఉత్తరమే, కుదించి చెప్తాను.

ఆయన వయసు 34. కొండాపూర్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ పని, ఇద్దరు పిల్లలు, ఫ్లాట్ ఈఎంఐ. హనుమకొండలో ఉండే మామగారు కంటి ఆపరేషన్ తర్వాత డ్రైవింగ్ మానేసి తన 2018 మోడల్ పెట్రోల్ కారుని కూతురికీ అల్లుడికీ ఇచ్చేశారు. 1.2 లీటర్ ఇంజన్ ఉన్న మామూలు హ్యాచ్‌బ్యాక్. ఇస్తూ ఒకే మాట చెప్పారట: "దీనికి మొదటి రోజు నుంచి ప్రీమియం పెట్రోలే కొట్టించిన, మీరు గూడ అదే కొట్టించుర్రి, ఇంజన్ పది కాలాలు ఉంటది." కొన్నాళ్లు అలాగే కొట్టించారు. రోజూ రానూ పోనూ 55 కిలోమీటర్లు, నెలకు దాదాపు 95 లీటర్లు. వాళ్ల బంకులో మామూలు పెట్రోల్ లీటరు 107 చిల్లర, ప్రీమియం దాని మీద 8 రూపాయలు ఎక్కువ. స్కూల్ ఫీజులు కట్టే నెలలో లెక్క చూసుకుని మామూలు దానికి మారిపోయారు. భార్యకు చెప్పారు, మామగారికి చెప్పలేదు. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా ఆయన "బండికి ఏం కొట్టిస్తున్నరు" అని అడగడం, ఆవిడ "అదే నాన్నా" అని దాటెయ్యడం.

దసరాకి హనుమకొండ వెళ్లినప్పుడు, పొల్యూషన్ కాగితం గడువు ఉందో లేదో చూద్దామని మామగారు డ్యాష్‌బోర్డ్ అర తెరిస్తే బంకు బిల్లులన్నీ బయటపడ్డాయి. అప్పుడేమీ అనలేదు. భోజనాల దగ్గర మాత్రం "ఇంకా నా బండే అనుకున్న, కాదని ఇప్పుడు తెలిసింది" అన్నారట. అప్పటి నుంచి అల్లుడితో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. భార్యేమో, 8 రూపాయల కోసం మా నాన్న ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావని కోపం. వీటికి తోడు, ఏసీ వేసుకుని నలుగురు ఎక్కి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఈమధ్య ఇంజన్‌లోంచి సన్నగా టకటక చప్పుడు వస్తోంది. మామగారి చేతిలో 17 ఇచ్చిన మైలేజీ ఇప్పుడు 15 దగ్గర ఆగింది. ఆర్‌సీ ఇంకా మామగారి పేరు మీదే ఉంది. "ఆయన చెప్పిందే నిజమా? ప్రీమియం కొట్టించాలా, లేక కారు తీసుకెళ్లి వాళ్లింటి ముందు పెట్టేసి రావాలా?" అని అడిగారు.

ముందు ఆ కారు తిరిగిచ్చే ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో పెట్రోల్ గొడవ ఒకటి, అబద్ధం గొడవ ఒకటి, బండి ఎవరిదన్న గొడవ ఒకటి ఉన్నాయి. మూడూ ఒకే బిల్లుతో బయటపడ్డాయి కాబట్టి మీకు ఒకటే సమస్యలా కనిపిస్తోంది. ఇందులో తేలికగా తేలేది పెట్రోల్ సంగతే, దానితోనే మొదలుపెడతాను.

పెట్రోల్ బంకులో 91, 95, 100 అని కనిపించే అంకెలు ఆక్టేన్ అంకెలు. ఆక్టేన్ అంటే పెట్రోల్‌కున్న బలం అని మనవాళ్లలో చాలామంది నమ్మకం, బంకు కుర్రాళ్లు కూడా "పవర్ కొట్టమంటారా సార్, పికప్ బాగుంటది" అని అదే నమ్మకంతో అడుగుతారు. ఆ అంకె చెప్పేది పెట్రోల్ ఓపిక ఎంతని. సిలిండర్‌లో గాలీ పెట్రోలూ కలిసి బాగా ఒత్తుకుపోతాయి, అప్పుడు స్పార్క్ ప్లగ్ నిప్పు పెట్టాలి, మంట ఒక వైపు నుంచి వరసగా పాకాలి. ఆ వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక మంట వచ్చేలోపే మిగతా పెట్రోల్ దానంతటదే అంటుకుంటే టకటకమని చప్పుడొస్తుంది, దాన్నే నాకింగ్ అంటారు. అలా తొందరపడి అంటుకోకుండా ఎంతవరకు ఆగగలదో చెప్పేదే ఆక్టేన్. అంకె పెరిగినంత మాత్రాన లీటరులో ఉండే శక్తి పెరగదు. ఎక్కువ ఒత్తిడితో పనిచేసే ఇంజన్లకి, టర్బో ఉన్నవాటికి, కొన్ని స్పోర్ట్స్ బైకులకి ఆ ఓపిక అవసరం. మీ కారులాంటి మామూలు 1.2 ఇంజన్‌ని 91కి సరిపోయేలా తయారుచేసి ఉంటారు. నా మాట మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు, పెట్రోల్ ట్యాంక్ మూత లోపలి వైపు చూడండి, లేదా కారుతో వచ్చిన మాన్యువల్ తీయండి, కనీసం ఎంత ఉండాలో రాసి ఉంటుంది. అక్కడ 91 అని ఉంటే మీరు ఇన్నాళ్లూ చేసినదాంట్లో ఇంజన్‌కి ద్రోహం ఏమీ లేదు. 95 అని ఉంటే మాత్రం ఇక వాదన వద్దు, 95 కొట్టించండి.

ఇప్పుడు మీ మామగారికి కూడా బహుశా తెలియని సంగతి. కొన్నేళ్ల కిందట మామూలు పెట్రోల్ 91, ప్రీమియం 95 అన్న తేడా ఉండేది. ఆ తర్వాత పెట్రోల్‌లో ఎథనాల్ కలపడం పెరుగుతూ వచ్చి, 2025 నాటికి దేశమంతా 20 శాతానికి చేరింది, దాన్నే ఈ-20 అంటున్నారు. ఎథనాల్ ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. అది అంత కలిసేసరికి మామూలు పెట్రోల్ ఆక్టేనే 95కి చేరిందని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో ప్రకటించింది. అంటే మామగారు పట్టుబట్టే 95 ఇప్పుడు పక్కనున్న మామూలు నాజిల్‌లోంచే వస్తోంది. ఆయన కొన్నేళ్ల కిందటి బంకుని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. మీరేమో ఇప్పటి బిల్లు చూసి మాట్లాడుతున్నారు.

మరి మైలేజీ ఎందుకు తగ్గింది? ఇక్కడ మామగారి అనుమానం పూర్తిగా కొట్టిపారేసేది కాదు, కారణం మాత్రం వేరు. ఎథనాల్‌లో శక్తి పెట్రోల్‌తో పోలిస్తే మూడోవంతు తక్కువ. కొత్త కార్లలో ఆ తగ్గుదల 1, 2 శాతమే ఉంటుందనీ, మిగతావాటిలో 3 నుంచి 6 శాతం వరకూ ఉండొచ్చనీ ప్రభుత్వమే చెప్పింది. మీది 2018 బండి కాబట్టి రెండో రకంలోకే వస్తుంది. 17లో 5 శాతం పోతే 16 చిల్లర. మిగతాది ఎటు పోయిందంటే, ఆయన హనుమకొండలో సాఫీగా నడిపిన బండిని మీరు ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి కొండాపూర్ దాకా ఏసీ వేసుకుని ఫస్టు, సెకండు గేర్లలో ఈడుస్తున్నారు. ఆ ట్రాఫిక్‌లో 15 రావడమే గొప్ప. ప్రీమియానికి మారితే ఇది వెనక్కి వస్తుందని ఆశపడకండి, 95 రకంలో కూడా చాలాచోట్ల ఎథనాల్ కలిసే ఉంటుంది, నాజిల్ దగ్గర ఈ-20 అని రాసి ఉందేమో చూడండి. 100 ఆక్టేన్ రకం గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్తారు, ఎథనాల్ ఉండదు, అది కొట్టించు అని. లీటరు 150 పైనే. మీ ఇంజన్‌కి అది శుద్ధ దండగ.

ఇంకో లెక్క. 107 మీద 8 రూపాయలంటే ఏడున్నర శాతం. ఆ డబ్బు మైలేజీలోనే తిరిగి రావాలంటే మీ కారు 15 నుంచి 16 దాటాలి, కేవలం పెట్రోల్ మార్చినందుకు. అలా జరగదు. అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంఘం 2016లో మామూలు పెట్రోల్‌కని తయారైన మూడు కార్లు తీసుకుని, రెండు రకాలూ పోసి, పవర్, మైలేజీ, పొగ అన్నీ కొలిచింది. చెప్పుకోదగ్గ లాభమేమీ తేలలేదు. అక్కడి బంకుల్లో మామూలు పెట్రోల్ మీద 87 అని ఉంటుంది, అది చూసి తక్కువ రకం అనుకోవద్దు, వాళ్ల కొలత వేరు, మన లెక్కలో అది 91, 92 అవుతుంది.

అలాగని మామగారి పక్షాన మాటే లేదా అంటే ఉంది. ప్రీమియం పెట్రోల్‌లో ఆక్టేన్‌తో పాటు ఇంజన్‌ని శుభ్రం చేసే డిటర్జెంట్ మందులు కూడా కలుపుతారు. ఇంజెక్టర్ల మీద, వాల్వుల మీద మసి పేరుకోకుండా చూడటం వాటి పని. ఇది ఉత్త ప్రచారమేమీ కాదు, అదే ఏఏఏ అదే ఏడాది చేసిన ఇంకో పరీక్షలో మంచి డిటర్జెంట్ ఉన్న పెట్రోల్ వాడిన ఇంజన్లలో మసి చాలా తక్కువగా కనిపించింది. కాకపోతే అక్కడ ఆ మందు మంచి బ్రాండ్ల మామూలు పెట్రోల్‌లోనే దొరుకుతుంది, దానికి ప్రీమియం కొనక్కర్లేదు. మన దగ్గర దాన్ని ఎక్కువగా ప్రీమియంతో ముడిపెట్టి అమ్ముతారు. కాబట్టి "ఇంజన్ పది కాలాలు ఉంటది" అన్న మాటలో కొంత నిజం ఉంది. ఆ కొంతకి ఏడాదికి 9 వేల పైచిలుకు పెట్టాలా అన్నదే ప్రశ్న. నా ఉద్దేశంలో అదే డబ్బులో సగంతో టైముకి ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు మార్పించుకుంటే ఇంజన్‌కి అంతకన్నా మేలు.

ఇక ఆ టకటక. నాకు అన్నిటికన్నా పట్టించుకోవాలనిపించింది ఇదే, మీరేమో ఉత్తరం చివర్లో ఒక ముక్కలో రాసి ఊరుకున్నారు. లోడ్ పడినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, ఎక్కువ గేర్‌లో నెమ్మదిగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే వస్తే అది నాకింగ్ కావచ్చు. ఖాళీగా నిలబెట్టినా వస్తుంటే అది వేరే సంగతి, టాపెట్లదో మరోదో. నాకింగ్ అయితే కారణాలు చాలా ఉంటాయి: లోపల మసి, సరైన రకం కాని ప్లగ్గులు, కూలెంట్ తగ్గి ఇంజన్ వేడెక్కడం, నాక్ సెన్సర్ పాడవడం, లేకపోతే సెకండ్‌లోకి దిగాల్సిన చోట థర్డ్‌లోనే లాగించడం. ఈ చివరిది ముందు మీ మీదే పరీక్షించుకోండి, ఖర్చు లేదు.

తర్వాత ఒక పని చేయండి. రెండు ట్యాంకులు వరసగా ప్రీమియం కొట్టించి, అదే ఫ్లైఓవర్, అదే గేరు, అదే ఏసీ, అంతమంది మనుషులతో ఎక్కి చూడండి. చప్పుడు అలాగే ఉంటే ప్రీమియం దానికి మందు కాదు, నేరుగా మెకానిక్ దగ్గరకి వెళ్లండి. తగ్గితే, రెండు పెట్రోళ్ల మధ్య ఉన్న కాస్త తేడా కూడా మీ ఇంజన్‌కి ఇప్పుడున్న స్థితిలో తెలుస్తోందన్నమాట. అప్పుడు కూడా జీవితాంతం ప్రీమియం కొట్టించడం మందు కాదు, మసి తీయించి, ప్లగ్గులు చూపించి మళ్లీ మామూలు దానితో చూడండి. ఎలాగూ షెడ్డుకి తీసుకెళ్తారు కాబట్టి పెట్రోల్ పైపులు, రబ్బరు సీళ్లు కూడా ఒకసారి చూడమనండి, ఈ-20 రాకముందు తయారైన బండ్లలో అవి మార్చాల్సి రావచ్చు. మైలేజీ కూడా ఈ సందట్లోనే కొలవండి. ఒకే బంకులో నాజిల్ దానంతటదే కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్, మళ్లీ ఫుల్ ట్యాంక్, మధ్యలో ఎన్ని కిలోమీటర్లో రాసుకోవడం. డ్యాష్‌బోర్డ్ మీద కనిపించే అంకె నమ్మొద్దు. అన్నట్టు, మనం జీరో చూసుకోవడంలో పడి కుర్రాడు ఏ నాజిల్ తీశాడో చూసుకోం, అదీ చూసుకోండి.

ఈ పరీక్ష మామగారికి చెప్పి చేయండి. ఇంకా మంచిది, ఆయన చేతే చేయించండి. "మామయ్యా, చప్పుడొస్తోంది, మీరన్న పెట్రోలే రెండు ట్యాంకులు కొట్టించి చూస్తున్నా, ఏమైందో చెప్తా" అని మీరే ఫోన్ చేయండి, మీ ఆవిడతో చేయించకండి. ఏళ్ల తరబడి ఆ ఇంజన్ చప్పుడు విన్న మనిషి ఆయన. మీకు నాకింగ్ అనిపించేది ఆయనకి ఫోన్‌లో వినిపించినా ఏదో తెలియొచ్చు. ముందుగా అబద్ధం సంగతి కూడా ఆ ఫోన్‌లోనే తేల్చేయండి: "ఫీజుల నెలలో ఇబ్బందైంది, మార్చాను, మీకు చెప్పకపోవడం నా తప్పు, ఆమెని ఇరికించింది నేనే." ఇంతకంటే ఎక్కువ వివరించొద్దు. ముఖ్యంగా పైన నేను చెప్పిన ఆక్టేన్ పాఠమంతా ఆ ఫోన్‌లో ఒప్పజెప్పొద్దు. ఆయన బాధ పెట్రోల్ గురించి అయితే బిల్లులు చూసినప్పుడే తిట్టేవారు. కూతురు ప్రతి ఆదివారం అబద్ధం చెప్పిందని తెలిసింది కాబట్టే ఆయన భోజనాల దగ్గర ఆ మాట అన్నారు.

చప్పుడు సంగతి తేలాక మీ ముందు దారులు ఇవీ. మామూలు పెట్రోలే కొట్టిస్తానని చెప్పేయడం ఒకటి. నెలకు 760 మిగులుతాయి, ఇంజన్‌కి ఏమీ కాదు. మామగారు కొన్నాళ్లు ముభావంగా ఉండొచ్చు, బండికి ఏ చిన్న రిపేరొచ్చినా "నేను ముందే చెప్పిన" అనే మాట పడాల్సి ఉంటుంది, దానికి సిద్ధపడండి. ఈ దారి పడితే ట్యాంక్ మూత మీది అంకె, 95 అయిందన్న సంగతి ఆయనకి అప్పుడు చెప్పండి, అదీ "మీరు కొట్టించిన 95 ఇప్పుడు దీంట్లోనే ఇస్తున్నారట మామయ్యా" అన్నట్టు. ఆయన ఓడిపోయినట్టు ఉండదు.

నాలుగైదు ట్యాంకులకి ఒకసారి ప్రీమియం కొట్టించడం ఇంకోటి. రెండూ ఒకే ట్యాంకులో కలిసినా ఇబ్బందేమీ లేదు. నెలకు ఓ 150, 200 అదనం. డిటర్జెంట్ వల్ల కాస్త మేలు ఉండొచ్చు, ఇంట్లో వాతావరణం మాత్రం కచ్చితంగా తేలికపడుతుంది. ఒకటే షరతు, అప్పుడప్పుడు అని చెప్పి అప్పుడప్పుడే కొట్టించండి, ఎప్పుడూ కొట్టిస్తున్నామని మళ్లీ చెప్పకండి. నేనైతే మీకు ఇది బాగా కుదురుతుందనుకుంటున్నా, కానీ మీ మామగారి స్వభావం మీకు తెలిసినంత నాకు తెలియదు. సగం సగం పనులు నచ్చని మనుషులుంటారు, వాళ్లకి ఇది వెక్కిరింపులా తోస్తుంది.

పూర్తిగా ప్రీమియానికే వెళ్లిపోవడం కూడా తప్పేం కాదు, ఏడాదికి 9 వేలు అవుతుందని తెలిసి, నెల నెలా సణక్కుండా కట్టగలిగితే. ఉచితంగా వచ్చిన కారు కదా, ఆ మాత్రం ఖర్చు పెద్దాయన మాటకి పెట్టలేమా అని మీకు మనస్ఫూర్తిగా అనిపిస్తే పెట్టండి. ఈఎంఐ రోజున భార్యతో "మీ నాన్న పెట్రోల్ వల్లే" అనే పరిస్థితి వస్తుందనుకుంటే వద్దు. దీనికన్నా ఎక్కువ డబ్బు మిగిలే దారి ఒకటి మీ ఇంటి దగ్గరే ఉంది, మీరు ఉత్తరంలో దాని ఊసే ఎత్తలేదు: నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రో ఉప్పల్ మీదుగానే పోతుంది. అక్కడి నుంచి కొండాపూర్‌కి షేర్ ఆటోనో బస్సో. వారానికి రెండు రోజులు కారు ఇంటి దగ్గర పెట్టినా నెలకు ముప్పై లీటర్లకి పైనే తగ్గుతుంది. టికెట్ల ఖర్చు తీసేసినా ప్రీమియం 8 రూపాయల గొడవ దాని ముందు చిన్నదైపోతుంది.

కారు తిరిగిచ్చేయడం గురించి. ఇవ్వొచ్చు, మీ హక్కే. కానీ ఇప్పుడు, ఈ కోపంలో తీసుకెళ్లి పెడితే వాళ్లకి అది కారు తిరిగొచ్చినట్టు ఉండదు, కూతురిని అడ్డం పెట్టుకుని సాధించినట్టు ఉంటుంది, కళ్లు కనిపించక మానేసిన మనిషి ఇంటి ముందు రోజూ ఆ బండి ఉంటుంది. నిజంగా అక్కర్లేదనుకుంటే మూడు, నాలుగు నెలలు ఆగి, అమ్మేద్దామా అని ఆయన్నే అడగండి, ఆ డబ్బు ఏం చేయాలో కూడా ఆయన్నే చెప్పనివ్వండి.

ఉంచుకునేట్టయితే ఆర్‌సీ సంగతి తేల్చండి. పేరు ఆయనది, నడిపేది మీరు, పెట్రోల్ డబ్బు మీది, నియమాలు ఆయనవి, ఇలా ఉన్నంత కాలం ఇవాళ పెట్రోల్, రేపు టైర్లు, ఎల్లుండి ఇన్సూరెన్స్ కంపెనీ, ఏదో ఒకదాని మీద ఇదే గొడవ. ఏదైనా యాక్సిడెంట్ జరిగితే నోటీసు కూడా హనుమకొండకే పోతుంది. మీ భార్య పేరు మీదకి మార్చడం మేలనిపిస్తోంది, తండ్రి కూతురికి ఇచ్చినట్టుగానే ఉంటుంది, అల్లుడు అడిగి రాయించుకున్నాడన్న మాటా రాదు. ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు, ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్ కాపీలు పెట్టుకోండి. పేరు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాసి పాలసీ ఆవిడ పేరు మీదకి మార్పించండి, చాలామంది ఆర్‌సీ మారింది కదా అని ఇది వదిలేస్తారు, తీరా క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. ఆర్‌సీ మార్చే మాట మీరు ఎత్తొద్దు, ఆవిడనే వాళ్ల నాన్నతో మాట్లాడమనండి, అదీ పెట్రోల్ ఫోన్ అయిన వారం పది రోజుల తర్వాత.